అక్షరములపై చుక్కలు

స్కాట్లండు రాజధానియైన ఎడింబరో నగరపు దక్షిణ భాగమున, అచటి విశ్వవిద్యాలయమునకు చెందిన ఒక విశాలమైన ఆవరణము కలదు. దానిని కింగ్స్ బిల్డింగ్స్ అందురు. పేరు విన్నవారు రాజమందిరములను ఊహించుకొందురు గాని, అచట రాజులెవ్వరును నివసింపలేదు. అవి విజ్ఞానశాస్త్రముల బోధనకును, పరిశోధనకును కట్టిన భవనములు. ఆ ఆవరణమునందు ఒక శాస్త్రజ్ఞుల బృందము అనేక సంవత్సరములు ఒక చిన్న ప్రశ్నను పట్టుకొని పనిచేసినది. ఆ ప్రశ్న ఏ రోగమునకును సంబంధించినది కాదు. అయినను ఆ దారియే వారిని చివరకు మాటలు మఱచిపోయిన పసిపిల్లల మంచముల యొద్దకు కొనిపోయెను.

ఆ ప్రశ్న యేదో తెలిసికొనుటకు ముందు మన దేహమును గూర్చి ఒక సంగతి గ్రహింపవలెను. మనుష్యుని దేహమంతయు తల్లి గర్భమున ఒకే కణముగా మొదలగును. ఆ కణము రెండగును; రెండు నాలుగగును; అట్లు విభజనము చెంది చెంది లక్షలకోట్ల కణములగును. విభజనము జరుగునప్పుడెల్ల కణములోని డి.ఎన్.ఏ. అను గ్రంథమునకు ఒక నకలు తయారై క్రొత్త కణమునకు చేరును. ఆ గ్రంథమునందు ఎ, టి, జి, సి అను నాలుగు అక్షరములే కలవు. కాని ఆ నాలుగక్షరములే మఱల మఱల వచ్చుచు సుమారు 300 కోట్ల అక్షరముల పొడవున సాగును. అందు సుమారు 20,000 పాఠములు కలవు. వానినే జన్యువులు అందురు.

కంటిలోని కణమునందును, కాలేయములోని కణమునందును, చర్మములోని కణమునందును ఉన్న గ్రంథము ఒక్కటే. అట్లయినచో కన్ను కన్నుగను, కాలేయము కాలేయముగను ఎట్లైనవి? కాలేయములో కనుపాప ఏల మొలవదు?

ఒక తరగతిలోని నలుబదిమంది విద్యార్థుల చేతులలోను ఒకే వాచకము ఉండును. సంవత్సరారంభమున ఉపాధ్యాయుడు "ఈ పాఠము ఈ యేడు చదువనక్కఱలేదు" అని చెప్పును. విద్యార్థులు ఆ పాఠముపై పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకొందురు. పుస్తకములో ఒక్క అక్షరమును చెఱపలేదు, ఒక్క పుటను చింపలేదు. అయినను ఆ పాఠము మూతపడినట్లే. కణములు చేయు పనియు ఇట్టిదే. కంటి కణము కాలేయపు పాఠములను మూసికొని కంటి పాఠములను చదువును. అక్షరములను మార్చక, వానిపై ఉంచు గుర్తులచే ఏ పాఠము చదువబడవలెను, ఏది మూసియుంచబడవలెను అను నిర్ణయము ఎట్లు జరుగునో విచారించు శాస్త్రమునకు ఎపిజెనెటిక్స్ అని పేరు.

ఈ పేరు పెట్టినవాడు కాన్రాడ్ వాడింగ్టను. ఆయన 1905లో ఇంగ్లండులో జన్మించెను. తండ్రి నాటి మద్రాసు రాజధానిలోని వైనాడు ప్రాంతమున తేయాకు తోటలో ఉద్యోగియగుటచే, ఆ బాలుడు ఇంచుమించు మూడేండ్ల వయస్సు వఱకు మన దేశముననే పెరిగెను. 1942లో ఆయన ఎపిజెనెటిక్స్ అను మాటను కల్పించెను. అప్పటికి డి.ఎన్.ఏ. ఆకృతి యైనను తెలియదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, 1947లో ఆయన ఎడింబరోకు వచ్చి కింగ్స్ బిల్డింగ్స్ ఆవరణముననే జంతు జన్యుశాస్త్ర శాఖను నడపసాగెను. 1957లో ప్రకటించిన ఒక గ్రంథమునందు ఆయన ఒక చిత్రమును ఇచ్చెను. అందు ఒక కొండవాలు కలదు. ఆ వాలుపై లోయలు పాయలు పాయలుగా చీలుచు క్రిందికి దిగును. కొండపైన ఒక గుండు ఉన్నది. అది దొర్లినచో ఏదో యొక లోయలో పడి దాని వెంటనే క్రిందికి పోవును. ఒక లోయలో దిగిన పిమ్మట ప్రక్కలోయలోనికి ఎక్కిపోవుట కష్టము. కణముయొక్క బ్రతుకు ఇట్టిదని వాడింగ్టను భావము. మొదట ఏమైనను కాగల కణము క్రమముగా ఒక దారిలో దిగి, చర్మమో, నరమో, రక్తమో యగును. చిత్రము మనోహరము. కాని ఆ లోయల గట్లు దేనితో కట్టబడినవో ఆయనకును తెలియదు, ఆ కాలమున మఱెవరికిని తెలియదు. వాడింగ్టను 1975లో మరణించెను.

సరిగా ఆ 1975వ సంవత్సరముననే ఈ ప్రశ్నకు ఒక సమాధానము సూచింపబడెను. ఇంగ్లండులో రాబిన్ హాలిడే, జాన్ ప్యూ అను నిరువురును, అమెరికాలో ఆర్థర్ రిగ్స్ అను నతడును ఒకరి సంగతి ఒకరికి తెలియకయే ఒకే ఊహను ప్రకటించిరి. డి.ఎన్.ఏ. లోని సి అను అక్షరముపై కొన్ని తావులందు ఒక చిన్న చుక్క కలదని అప్పటికే రసాయన శాస్త్రజ్ఞులు ఎఱుగుదురు. ఒక కార్బను పరమాణువు, మూడు హైడ్రొజను పరమాణువులు కలిసి ఏర్పడిన మిథైల్ గుంపే ఆ చుక్క. పాఠములను మూయు గుర్తు అదియే కావచ్చునని వారనిరి.

ఊహ బాగున్నది, కాని ఒక చిక్కు కలదు. గుర్తు గుర్తుగా నిలువవలెనన్నచో, కణము విభజనము చెందినప్పుడు గ్రంథముతోపాటు గుర్తులకును నకలు జరుగవలెను. పూర్వము తాటాకు గ్రంథములకు ప్రతులు వ్రాసిన లేఖకులలో కొందఱు మూలములోని అక్షరములనే గాక, అంచులందలి గుర్తులనుగూడ ఎత్తి వ్రాసెడివారు. కణములో అట్టి లేఖకుడెవడు? దీనికి డి.ఎన్.ఏ. నిర్మాణమే ఉపాయము చూపినది. డి.ఎన్.ఏ. రెండు పేటల త్రాడు. ఒక పేటలో సి ఉన్నచోట రెండవదానిలో జి ఉండును. ఎ ఉన్నచోట టి ఉండును. రెండు పేటలును ఎదురుదిక్కులుగా చదువబడును. కావున ఒక పేటలో సి తరువాత జి వచ్చినచో, రెండవ పేటలోను అదే తావున సి తరువాత జియే వచ్చును. విద్యార్థులు కాగితముపై వ్రాసి చూచుకొనవచ్చును. చుక్కలు పడునది ముఖ్యముగా ఈ సి-జి జంటలపైననే; అదియు రెండు పేటలలోను. పేటలు విడిపోయి ఒక్కొక్కదానికి క్రొత్త జోడు అల్లబడినప్పుడు, పాత పేటపై చుక్క ఉండును, క్రొత్తదానిపై ఉండదు. ఈ లోటును పసికట్టి క్రొత్త పేటపై చుక్క పెట్టు ఎంజైము ఒకటి ఉన్నచో చాలును. లేఖకుడు దొరకినట్లే.

ఇచట ఏడ్రియన్ బర్డు ప్రవేశించెను. ఆయన 1947లో ఇంగ్లండులో పుట్టి, ఎడింబరోలో డాక్టరు పట్టము పొంది, అమెరికాలోను స్విట్జర్లాండులోను కొంతకాలము పనిచేసి మఱల ఎడింబరోకు వచ్చెను. అప్పుడే శాస్త్రజ్ఞులకు క్రొత్త పనిముట్లు దొరకినవి. సూక్ష్మజీవులనుండి తీసిన కొన్ని ఎంజైములు డి.ఎన్.ఏ.ను కత్తెరవలె తునుకలు చేయును. వానిలో కొన్ని ఒక నియమమును పాటించును: తమకు తగిన అక్షరముల వరుస కనబడినను, దానిపై చుక్క ఉన్నచో కత్తిరింపవు. చుక్క లేనిచోటనే కత్తిరించును. అనగా కత్తెర తెగిన తీరును బట్టి చుక్కలు ఎచట ఉన్నవో, ఎచట లేవో చెప్పవచ్చును. బర్డు ఆఫ్రికాకు చెందిన ఒక కప్ప డి.ఎన్.ఏ.పై ఈ కత్తెరలను ప్రయోగించి, చుక్కలు రెండు పేటలలోను జంటలుగా ఉండుననియు, గ్రంథమునకు నకలు జరుగునప్పుడు చుక్కలకును నకలు జరుగుననుటకు అది అనుకూలముగానున్నదనియు 1978లో చూపెను. ఈ పనిలో ఎడ్విన్ సదరన్ అను మఱియొక ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు ఆయనకు తోడ్పడెను.

తరువాత ఆయన బృందము వెన్నెముకగల జంతువుల డి.ఎన్.ఏ.ను అట్లే కత్తిరించి చూచిరి. అధికభాగము తెగనేలేదు, అనగా సి-జి జంటలలో పెక్కింటిపై చుక్కలున్నవి. కాని వందలో ఒక వంతు మాత్రము తుత్తునియలుగా తెగిపోయెను. ఆ పొడివంటి తునుకలను మఱియొకరైనచో విడిచిపెట్టియుందురేమో! బర్డు బృందము వానినే పరీక్షించెను. చుక్కలుగల సముద్రము నడుమ చుక్కలు లేని చిన్న చిన్న తావులు దీవులవలె నున్నవని తేలెను. 1985లో ఈ విషయము ప్రకటింపబడెను. జన్యువులలో సగమునకు మించినవి ఇట్టి దీవుల యొద్దనే ఆరంభమగునని పిమ్మట స్పష్టమైనది. తెఱచియుంచదగిన పాఠములకు మొదటి పుటలు అవి.

గుర్తు ఉన్నంత మాత్రమున పని జరుగదు, గుర్తును చదువువాడుండవలెను. పెన్సిలు గుర్తును చూచి పాఠమును దాటవేయు విద్యార్థి యెవడు? ఇదియే ఆ బృందము పట్టుకొన్న చిన్న ప్రశ్న. 1987లో బర్డు ఆస్ట్రియా రాజధానియైన వియన్నాకు పోయి అచటి ఒక పరిశోధన సంస్థలో మూడేండ్లు పనిచేసెను. చుక్కలు గల డి.ఎన్.ఏ. తునుకను గాలమువలె వేసి, దానిని పట్టుకొను ప్రోటీను ఏదైన కలదేమో అని వెదకిరి. 1989లో ఒకటి కనబడెను. 1990లో బర్డు ఎడింబరో విశ్వవిద్యాలయమున ఆచార్యుడై తిరిగివచ్చెను. 1992లో ఆయన సహచరులు రెండవదానిని శుద్ధిచేసి, దాని జన్యువును గూడ పట్టుకొనిరి. దానికి మెక్‌పి2 అని పేరు పెట్టిరి. ఒక్క చుక్కలజంట ఉన్నను చాలును, అది వచ్చి అంటుకొనును.

అప్పటికి మెక్‌పి2 ఒక ప్రోటీను పేరు మాత్రమే. దానిని గూర్చి పత్రికలవారు వ్రాయలేదు; వైద్యులు అడుగలేదు. బృందమునకు దానియందు ఉన్న ఆసక్తి అంతయు, అది లేనిచో ప్రాణికి ఏమగును అనునంత వఱకే.

ఇచట కథను వియన్నా నగరమునకే మఱల్చవలెను. కాని కాలము కొంత వెనుకకు పోవును. 1954లో ఆ నగరమున ఆండ్రియాస్ రెట్ అను పిల్లల వైద్యుడుండెను. ఒకనాడు ఆయన తన వైద్యశాలలో రోగులు వేచియుండు గది మీదుగా పోవుచు ఇరువురు బాలికలను చూచెను. వారు ఒకరినొకరు ఎఱుగరు. ఇరువురును తల్లుల ఒడిలో కూర్చుండి, చేతులు కడుగుకొనుచున్నట్లు ఒకే విధముగా ఎడతెగక నలుపుకొనుచుండిరి. వేఱొకడైనచో తన గదిలోనికి పోయి మొదటి రోగిని పిలిచియుండును. రెట్ నిలిచి చూచెను. తన పాత రోగులలోను అట్టివారు మఱికొందఱు కలరని ఆయన కనుగొనెను. 1966లో ఆ వ్యాధిని జర్మను భాషలో వర్ణించి ప్రకటించెను. ఆ వ్యాసమును గమనించినవారు కొలదిమంది. 1983లో స్వీడను దేశపు వైద్యుడు బెంగ్ట్ హాగ్‌బెర్గ్ మఱికొందఱు యూరపు వైద్యులతో కలిసి 35 మంది బాలికల వృత్తాంతమును ఆంగ్లమున ప్రకటించి, ఆ వ్యాధికి రెట్ పేరు పెట్టిన పిమ్మటనే లోకము దానిని ఎఱిగెను.

ఆ వ్యాధి రీతి మిక్కిలి క్రూరమైనది. బిడ్డ ఆరోగ్యముగా పుట్టును. నవ్వును, కూర్చుండును, కొందఱు నడచుటయు, రెండు మూడు మాటలు పలుకుటయు నేర్తురు. ఆఱు మాసములు మొదలు ఏడాదిన్నరలోపల ఎదుగుదల నిలిచి, నేర్చినవి ఒక్కొక్కటిగా జారిపోవును. మాట పోవును. చేతితో వస్తువును పట్టుకొను నేర్పు పోవును. దానికి మాఱుగా చేతులు నలుపుకొనుట వచ్చును. మూర్ఛలు, శ్వాస సరిగా ఆడకపోవుట, నడక తడబడుట కలుగును. పదివేల మంది బాలికలలో సుమారు ఒకరికి ఈ వ్యాధి వచ్చును. ఇట్టి బిడ్డ పుట్టిన ఇంట ఇరుగుపొరుగువారు దిష్టి యనియు, తల్లి చేసిన అపచారమనియు పలుమాటలు పలుకుట కలదు. అవన్నియు అజ్ఞానపు మాటలు. దాదాపు అన్ని సందర్భములందును తల్లిదండ్రుల దేహములో ఆ దోషము ఉండదు. బీజకణము ఏర్పడునప్పుడు నకలులో దొరలిన ఒక తప్పు మాత్రమే దానికి కారణము.

ఆ తప్పు ఏ జన్యువులో నున్నదో కనుగొనుటకు హుడా జోఘ్బీ అను వైద్యురాలు పూనుకొనెను. ఆమె లెబనాను దేశమున బేరూతు నగరమున వైద్యవిద్యను ఆరంభించి, అచట అంతర్యుద్ధము చెలరేగగా అమెరికాకు పోయి చదువు ముగించి, హ్యూస్టను నగరమున బేలర్ వైద్యకళాశాలలో పనిచేయుచుండెను. 1983లో ఆమె మొదటిసారిగా రెట్ వ్యాధిగల బాలికను చూచెను. ఒక కుటుంబములో ఒకరికే వచ్చు వ్యాధియొక్క జన్యువును వెదకుట వ్యర్థమని పలువురు తలంచు కాలమది. ఆమె విడువలేదు. పదునాఱు సంవత్సరముల వెదకులాట తరువాత, 1999లో, ఆమె ప్రయోగశాలలోని రూతీ అమీర్ అను పరిశోధకురాలు ఆ తప్పును పట్టుకొనెను. అది ఉన్న జన్యువు మఱేదియు కాదు. ఏడేండ్ల క్రిందట ఎడింబరోలో చుక్కలను చదువువానిని వెదకుచు పట్టుకొన్న మెక్‌పి2!

ఈ వ్యాధి ముఖ్యముగా బాలికలకే కనబడుటకు కారణమును ఇచట చెప్పవలెను. మెక్‌పి2 జన్యువు ఎక్స్ అను క్రోమొసోముపై నున్నది. బాలురకు ఎక్స్ ఒకటే; బాలికలకు రెండు. బాలికల ప్రతి కణమునందును రెండింటిలో ఒకటి గర్భస్థదశయందే మూతపడిపోవునని 1961లో మేరీ లయన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞురాలు చెప్పెను. ఆమె కొంతకాలము ఎడింబరోలో వాడింగ్టను సంస్థయందు పనిచేసినదే. ఏ కణములో ఏది మూతపడునో నియమము లేదు. నలుపు, పసుపు రంగులు కలగలిసిన పిల్లులను చాలమంది చూచియుందురు. అవి దాదాపు అన్నియు ఆడుపిల్లులే. రంగును నిర్ణయించు జన్యువు ఎక్స్‌పై నుండుటచే, ఒక ఎక్స్ మూతపడిన కణముల చోట నలుపును, రెండవది మూతపడిన చోట పసుపును వచ్చును. రెట్ వ్యాధిగల బాలిక మెదడును అట్లే కలగలుపు. సగము నరకణములలో మెక్‌పి2 సరిగా నుండును, సగములో నుండదు. ఆ సగమే ఆమెను బ్రతికించును. ఒకే ఎక్స్ గల బాలురకు ఈ దోషము కలిగినచో వ్యాధి మిక్కిలి తీవ్రమై, తఱుచు శైశవముననే ప్రాణము తీయును.

ఎడింబరో బృందమునకు ఇప్పుడు తమ ప్రోటీను క్రొత్త రూపమున కనబడెను. 1996లో వారు చేసిన ప్రయోగమును బట్టి, మెక్‌పి2 లేని చిట్టెలుక గర్భమునందే నశించునని వారు తలంచియుండిరి. జాకీ గై మొదలగువారు ఇంకను కచ్చితమైన పద్ధతిలో ఆ జన్యువును తొలగించి చూడగా, పిల్లలు ఆరోగ్యముగనే పుట్టినవి. కొన్ని వారములు చక్కగా తిరిగినవి. తరువాత వణకు, తడబాటు, శ్వాసలోపము కలిగి చనిపోయినవి. 2001లో ఈ సంగతిని ప్రకటించి, తమ పూర్వపు మాటను తామే సవరించుకొనిరి. ఆ సంవత్సరముననే అమెరికాలో రుడాల్ఫ్ యేనిష్ బృందమును ఇట్టి ఎలుకలనే వర్ణించెను. అట్లు రెట్ వ్యాధిని పోలిన వ్యాధి ఎలుకలలో ఏర్పడినది.

అప్పుడు పుట్టిన ప్రశ్న మొదటి ప్రశ్నకంటె గొప్పది. మెక్‌పి2 లేక పెరిగిన మెదడు చెడిపోయినదా, లేక పని నిలిచి యున్నదా? చెడిపోయినచో తరువాత ప్రోటీనును తెచ్చియిచ్చినను ప్రయోజనము లేదు. ఎండిన పైరుకు నీరు పెట్టినట్లగును. మెదడు ఎదుగునప్పుడు కలిగిన లోపము పిమ్మట సరికాదనియే వైద్యులలో చాలమంది అభిప్రాయము. కాని రెట్ వ్యాధిలో నరకణములు చిన్నవిగా నున్నను, మూకుమ్మడిగా చచ్చిపోవుట లేదని అప్పటికే తెలిసియుండెను. ఆ ఒక్క ఆధారముపై బృందము ప్రయోగమును పన్నెను.

ప్రయోగపు తీరు ఇట్టిది. చిట్టెలుక మెక్‌పి2 జన్యువు నడుమ ఒక అడ్డుబిళ్లను చొప్పించిరి. అది ఉన్నంతవఱకు ఆ పాఠము చదువబడదు. అదే ఎలుక కణములలో ఆ అడ్డుబిళ్లను కత్తిరించి తీయగల ఒక ప్రోటీనును గూడ ఉంచిరి. కాని ఆ కత్తెరను కణకేంద్రములోనికి పోనీక వాకిటనే నిలిపిరి. టామొక్సిఫెన్ అను మందు ఇచ్చినప్పుడు మాత్రమే అది లోనికి పోయి అడ్డుబిళ్లను తీయును. అనగా శాస్త్రజ్ఞుడు కోరిననాడు పాఠమును తెఱవవచ్చును.

ఎలుకలు పుట్టి, పెరిగి, వ్యాధిలో పడినవి. మొదట మందును ఒక్కమాఱుగా, దినదినము ఎక్కించి చూచిరి. కొన్ని ఎలుకలు బాగుపడుటకు బదులు చనిపోయినవి. లేని ప్రోటీను ఒక్కసారిగా పొంగివచ్చుట మెదడు భరింపలేకపోయినదని గ్రహించి, పిదప వారమునకొకమాఱు చొప్పున మెల్లమెల్లగా ఇచ్చిరి. అప్పుడు ఎవ్వరును ఎదురుచూడని సంగతి జరిగెను. కదలక మూలనుండి వణకుచున్న ఎలుకలు లేచి తిరుగసాగెను. శ్వాస సరిపడెను. కొలదిదినములలో చావవలసినవి నెలలకొలది జీవించెను. మానవబాలికలవలె కలగలుపు మెదడుగల ఆడు ఎలుకలు, నెలల తరబడి వ్యాధితోనున్నవి గూడ, కోలుకొనెను. గ్లాస్గో విశ్వవిద్యాలయమునకు చెందిన స్టువర్ట్ కాబ్ మొదలగువారు వాని మెదడు తునుకలలో నరముల సంకేతములను కొలిచి, అవియు యథాస్థితికి వచ్చినవని చూపిరి. 2007లో ఈ వృత్తాంతము వెలువడెను. దానితోపాటు ఎలుకల చలనచిత్రములును వెలువడినవి. ఒక చిత్రములో మందునకు ముందు ఎలుక ముడుచుకొనియుండును. మఱియొకదానిలో అదే ఎలుక పెట్టెయంతయు వాసన చూచుచు తిరుగుచుండును. లోకమున పలుచోట్ల రెట్ వ్యాధిగల బిడ్డల తల్లిదండ్రులు ఆ చిత్రములను చూచిరి. తమ బిడ్డ లోపల ఎక్కడనో ఉన్నదని ఎన్నడో నమ్మినవారికి ఆ చిత్రములు ఏమని తోచినవో వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయినను ఎలుకకు అడ్డుబిళ్లను ముందుగా మనమే పెట్టితిమి; కనుక తీయగలిగితిమి. బాలికల జన్యువులో నున్నది అడ్డుబిళ్ల కాదు, అక్షరదోషము. దానిని సరిదిద్దుటకు మంచి ప్రతిని బయటినుండి కణములలోనికి పంపవలెను. దానికి హానిలేని సూక్ష్మమైన వైరసును వాహనముగా వాడుదురు. కాని కొలత తప్పరాదు. మెక్‌పి2 జన్యువు రెండు ప్రతులుగా నుండుటచే ప్రోటీను అధికమై, బాలురకు మఱియొక తీవ్రవ్యాధి కలుగునని 2005లో కనుగొనబడెను. కూరలో ఉప్పు లేకున్నను తినలేము, రెట్టింపైనను తినలేము, ఇచటను అంతే. పైగా ఆ వాహనము చిన్నది. పెద్ద సరకు పట్టదు. ఎడింబరో బృందము 2017లో మెక్‌పి2 ప్రోటీనులో సుమారు మూడింట రెండువంతులను తీసివేసి, చుక్కలను పట్టుకొను భాగమును, పాఠమును మూయు తోడుప్రోటీనులను చేర్చుకొను భాగమును మాత్రము మిగిల్చి, అదియే ఎలుకల వ్యాధిని చాలమట్టుకు నివారించునని చూపెను.

2023 మార్చిలో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ రెట్ వ్యాధికి ట్రోఫినెటైడ్ అను మొదటి మందును అనుమతించెను. అది లక్షణములను కొంత తగ్గించును గాని, జన్యుదోషమును దిద్దదు. జన్యువును పంపు చికిత్సను మనుష్యులపై పరీక్షించుటయు ఆ 2023లోనే ఆరంభమైనది. ఆ పరీక్షలు జాగ్రత్తగా, కొలదిమందితో జరుగవలసినవి. తొందరకు అందు తావులేదు.

ఈ నడుమ ఎపిజెనెటిక్స్ అను మాట బజారున పడినది. ముఖమునకు పూసికొను లేపనములను అమ్మువారును, ఆహారనియమములను బోధించువారును ఆ పేరు వాడుచున్నారు. తాతముత్తాతల ప్రతి అలవాటును చుక్కల రూపమున మనుమలకు దిగునని చెప్పువారును కలరు. మనుష్యులలోను ఇతర క్షీరదములలోను బీజకణములు ఏర్పడునప్పుడును, పిండము తొలిదశలోనున్నప్పుడును ఈ చుక్కలలో చాలభాగము చెఱిపివేయబడి మఱల పెట్టబడును. కావున అట్టి మాటలను ఆధారము చూడక నమ్మరాదు. కింగ్స్ బిల్డింగ్స్‌లో ఒక్క ప్రోటీను చేయు పనిని నిర్ధారించుటకు ముప్పదియేండ్లు పట్టినవని తెలిసినవారు అంత సులభముగ మాటలాడరు.

బర్డునకు 2014లో సర్ బిరుదము లభించెను. 2020లో మెదడు పరిశోధనకు ఇచ్చు బ్రెయిన్ బహుమతిని ఆయనయు హుడా జోఘ్బీయు పంచుకొనిరి. బహుమతులు వచ్చుచు పోవుచుండగా ప్రయోగశాల పని సాగుచునేయుండెను. రెట్ వ్యాధి వారి చేతికి వచ్చిన పిమ్మటను వారు పాతప్రశ్నల దారిని విడువలేదు. సి-జి జంటలపై చుక్కలను చదువువానిని వెదకినట్లే, గ్రంథములో ఎ, టి అను అక్షరములు దట్టముగా నున్న తావులను చదువువాడెవడైన కలడా అని వెదకిరి. 2021లో అట్టి ప్రోటీను నొకదానిని ప్రకటించిరి. పిండదశలోని కణములు తొందరపడి తమ రూపును మార్చుకొనకుండ అది వానిని నిలుపునట. దాని పేరు సాల్4.